ఉట్టి, బొంత, తోలుబొమ్మ దీపం: అనంతపురం ఎండకు తట్టుకునే బోహో ఇల్లు

బోహో అంటే వాడిన వస్తువులు, అతుకుల గుడ్డలు, చేతిపనులతో ఇల్లు అలంకరించే శైలి. ఫోన్‌లో కనిపించే బోహో గదులు చాలావరకు చలిదేశాలవి. మెత్తటి ఎండ, గాజు తలుపుల పక్కన ఫెర్న్ మొక్కలు, పాదం మునిగే బొచ్చు తివాచీ, తెల్లటి అల్లిక తెరలు. అదే సరంజామా తెచ్చి అనంతపురంలో పడమటి గదిలో పెడితే ఉగాదికి ఫెర్న్ మాడిపోతుంది. మే దాటేసరికి తివాచీలోకి ఎర్రదుమ్ము దిగి ఎంత దులిపినా పోదు, అల్లిక తెర బూడిద రంగుకు తిరుగుతుంది. తప్పు శైలిది కాదు, సరుకుది. బోహోకు కావలసిన సరుకు రాయలసీమలో కావలసినంత ఉంది. సగం మీ ఇంట్లో అటక మీదే ఉండొచ్చు.

పేరు సంగతి ఒక ముక్కలో. ఫ్రెంచివాళ్లు రోమా సంచారులను బొహీమియా నుంచి, అంటే ఇప్పటి చెక్ దేశంలోని ఒక ప్రాంతం నుంచి వచ్చారనుకుని బొహీమియన్లు అనేవాళ్లు. పంతొమ్మిదో శతాబ్దంలో ఆ పేరు పారిస్‌లో చేతిలో చిల్లిగవ్వ లేకుండా బతికే చిత్రకారులకు, కవులకు అంటుకుంది. తమాషా ఏమిటంటే రోమాల అసలు మూలాలు మన ఉత్తర భారతంలోవే. కాబట్టి లంబాడీ అద్దాల గుడ్డ గోడ మీదికి తెస్తే అది అరువు తెచ్చిన అలంకారమేమీ కాదు. ఈ శైలి ప్రాణం వాడిన వస్తువులో, అతుకులో, చేతిపనిలో ఉంది. ఒకే షాపులో ఒకే రోజు కొన్న సెట్టు ఎంత ఖరీదైనదైనా షోరూంలాగే కనిపిస్తుంది.

పని వరస ముఖ్యం. ముందు గోడ, తర్వాత దీపం, ఆ తర్వాత నేల, గుడ్డలు, అన్నిటికన్నా చివర మొక్కలు. చాలామంది మొక్కలతో మొదలుపెట్టి, సున్నం వేసే రోజున వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక తంటాలు పడతారు.

గోడ

బోహో అంటే రంగుల జాతర అనుకుని నాలుగు గోడలకు నాలుగు రంగులు కొడితే తర్వాత పెట్టే ఏ వస్తువూ కనపడదు. గోడలన్నీ ఒకే వెలిసిన తెలుపు, లేదా పలచటి మట్టిరంగు. జాతరంతా గుడ్డల్లో, దీపాల్లో ఉండాలి. గోడల్లో కనీసం ఒకటి మేకు కూడా కొట్టకుండా ఖాళీగా వదలండి. తోలుబొమ్మ నీడ పడడానికి అది కావాలి.

సిమెంటు గోడలైతే ఎమల్షన్ (డబ్బాల్లో దొరికే ప్లాస్టిక్ రంగు) సరిపోతుంది. 10 అడుగులకు 12 అడుగుల గది, ఎత్తు 10 అడుగులు అనుకుంటే చుట్టూ 440 చదరపు అడుగులు. తలుపు, కిటికీలు తీసేస్తే 390 దాకా. రెండు పూతలు వేస్తే లీటరు 100 నుంచి 120 చదరపు అడుగులు వస్తుంది కాబట్టి 4 లీటర్ల డబ్బా చాలు. పైకప్పుకు విడిగా లీటరుంపావు తీసుకోండి.

మట్టి, నాపరాళ్లతో కట్టిన పాత మిద్దె ఇల్లయితే ఎమల్షన్ జోలికి పోవద్దు. ఆ గోడ చెమ్మ పీల్చి వదులుతుంటుంది. పైన ప్లాస్టిక్ పొర పడితే లోపలి చెమ్మ బయటికి రాలేక రెండు వానాకాలాల్లో బుడగలు కట్టి పెచ్చులూడుతుంది. అక్కడ సున్నమే సరైనది. కిలో సున్నపు రాళ్లకు 4 నుంచి 5 లీటర్ల నీళ్లు. ఇనుప డ్రమ్ములోనో సిమెంటు తొట్టిలోనో ముందు నీళ్లు పోసి అందులో రాళ్లు కొద్దికొద్దిగా వేయాలి. రాళ్ల మీద నీళ్లు పోస్తే ఎగిసి మొహాన పడుతుంది. కంటికి అద్దాలు లేకుండా ఈ పని వద్దు. ప్లాస్టిక్ బకెట్టు ఆ వేడికి మెత్తబడిపోతుంది. ఒక రాత్రి నానాక పలచటి గుడ్డలో వడగట్టి, లీటరుకు ఒక చెంచా చొప్పున తుమ్మబంక వేడినీళ్లలో కరిగించి కలపండి. మట్టిరంగు కావాలంటే కావి పొడి వేసుకోవచ్చు. అది సున్నం బరువులో పదో వంతు దాటితే మాత్రం ఆనుకున్న చొక్కాకల్లా అంటుతుంది. గోడ తడిపి, పాలలాంటి పలచటి కోటు వేసి, ఒక రోజు ఆరనిచ్చి మరొకటి, ఆ మర్నాడు మూడోది. వేసేటప్పుడు ఏమీ పడనట్టు ఉంటుంది. ఆరాక తెల్లబడుతుంది. చిక్కగా ఒకే కోటు వేసిన గోడ నెలలోపు పొడిగా రాలుతుంది.

పాత సున్నం మీద నేరుగా ఎమల్షన్ కొట్టడం అద్దె ఇళ్లలో రోజూ కనిపించే తప్పు. లోపలి సున్నం పట్టు వదిలితే పైరంగు చాపలా ఊడి వస్తుంది. గీకి, ప్రైమర్ వేసి, ఆ తర్వాతే రంగు.

దీపం: గది ప్రాణం ఇక్కడే

ట్యూబ్‌లైటు కింద ఏ బోహో గదైనా ఆసుపత్రి వరండాలా ఉంటుంది. అది చీపురు పట్టినప్పుడు వేసుకోండి. సాయంత్రాలకు మోకాలి ఎత్తున, కంటి ఎత్తున, తల పైన, మూడు చోట్ల మూడు చిన్న పసుపు వెలుగులు చాలు. ఒక్కొక్కటి 5 నుంచి 7 వాట్లు, డబ్బా మీద 2700 కె (వెలుగు రంగును చెప్పే అంకె) అని ఉన్న ఎల్‌ఈడీ బల్బు. 6500 కె తెల్ల బల్బు పెడితే తోలుబొమ్మ ఎరుపు కూడా బురదరంగులా తేలుతుంది.

ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో మేకతోలు మీద దేవుళ్లను, నెమళ్లను, చిలకలను గీసి రంగులద్ది, చిన్న ఉలులతో చిల్లులు పొడిచి దీపం గుమ్మటాలు చేస్తారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. కొనేటప్పుడు బొమ్మను వెలుగుకు ఎదురుగా పట్టి చూడండి. నిజమైన తోలైతే మందం అంతటా ఒకేలా ఉండదు, అక్కడక్కడ సన్నటి నరాల జాడ కనిపిస్తుంది, కుంచె గీతల్లో తేడాలుంటాయి. అచ్చు వేసిన ప్లాస్టిక్ షీటులో ఆ తేడాలు ఉండవు.

పాత 60 వాట్ల తీగబల్బు వేడికి తోలు వంకర్లు తిరుగుతుంది, కాబట్టి ఎల్‌ఈడీ తప్పదు. బల్బుకూ తోలుకూ మధ్య కనీసం 3 అంగుళాల ఖాళీ ఉంచండి. గుమ్మటం బరువు కరెంటు వైరు మీద పడకూడదు. కొక్కేనికి గొలుసో తాడో కట్టి దాని మీద వేలాడదీసి, వైరును వదులుగా పక్కన పోనివ్వాలి. మెయిన్ ఆపకుండా హోల్డరు మీద చేయి వేయొద్దు. వైరింగు చేతకాకపోతే ప్లగ్గు ఉన్న హోల్డరు వైరు దొరుకుతుంది, గోడ పాడు చేయక్కర్లేదు.

దీనికన్నా ఒక మెట్టు పైన, గదికి వచ్చినవాళ్లు ముందుగా అడిగే వస్తువు, తెర పెట్టె. తోలుబొమ్మలాటలో వెలుగు వెనక, బొమ్మ మధ్యలో, తెల్లగుడ్డ ముందు ఉంటుంది. తోలులోంచి వెలుగు దూరి వస్తుంది కాబట్టి తెర మీద పడేది నల్లటి నీడ కాదు, రంగుల బొమ్మే. దాన్నే గోడకు తగిలించే పెట్టెగా చేసుకోవచ్చు.

కావలసినవి: 4 అంగుళాల వెడల్పు, ముప్పావు అంగుళం మందం ఉన్న చెక్కపలకలు, 3 అడుగులవి రెండు, 2 అడుగులవి రెండు. పెట్టె బయటి కొలత 24 అంగుళాలకు 36 వచ్చేలా మూలలు కోయమని వడ్రంగికి చెప్పండి. వెనక్కి 4 మిల్లీమీటర్ల ప్లైవుడ్. 32 అంగుళాలకు 44 తెల్ల కాటన్ గుడ్డ, పాత పంచె ముక్క అయితే మరీ మంచిది. 12 వోల్టుల పసుపు ఎల్‌ఈడీ స్ట్రిప్ 3 మీటర్లు. మీటరుకు 4.8 వాట్లు తినే రకమైతే మొత్తం 15 వాట్ల లోపే, కాబట్టి 12 వోల్టులు, 2 ఆంపియర్ల అడాప్టర్ సరిపోతుంది. అడుగున్నర నుంచి రెండడుగుల బొమ్మ ఒకటి.

చట్రం బిగించి లోపలి వైపు, ప్లైవుడ్‌కు లోపలి ముఖం తెల్లరంగు వేయండి. అడుగున రెండు, పైన రెండు అర అంగుళం చిల్లులు పెడితే వేడి పోతుంది, వైరు కూడా అందులోంచే వస్తుంది. స్ట్రిప్‌ను లోపలి అంచుల మీద, ప్లైవుడ్‌కు ఒక అంగుళం దూరంలో చుట్టూ అతికించండి. స్ట్రిప్ మీద కత్తెర గుర్తు ఉన్న చోటే కోయాలి, మధ్యలో కోస్తే ఆ ముక్క వెలగదు. గుడ్డను ఉతికి, తడి ఇంకా ఉండగానే చట్రం ముందువైపు పరిచి, నాలుగు వైపుల మధ్యలో ముందు ఒక్కో పిన్ను, తర్వాత మూలల వైపు జరుగుతూ బిగించండి. ఆరితే డోలులా బిగుసుకుంటుంది. ఒక మూల నుంచి మొదలుపెడితే ఏటవాలు ముడతలు వస్తాయి, అవి వెలుగులో దాగవు. బొమ్మను పై పలకకు నైలాన్ దారంతో వేలాడదీసి, కింద కూడా రెండు దారాలతో గుడ్డకు ఆనేలా లాగి కట్టండి. గుడ్డకు రెండు అంగుళాలు వెనక్కి జరిగినా అంచులు మసకబారతాయి. వెనక ప్లైవుడ్‌ను మేకులతో కాదు, స్క్రూలతో బిగించండి. ఆరునెలలకోసారి బొమ్మ మార్చుకోవచ్చు, లోపల చేరిన పురుగులు దులుపుకోవచ్చు.

వెలిగించాక బల్బుల చుక్కలు విడివిడిగా కనిపిస్తుంటే పెట్టె లోతు చాలలేదని అర్థం. 4 అంగుళాలకు తగ్గించి చేసిన పెట్టెలన్నీ ఇక్కడే దెబ్బతింటాయి.

నేల

కడప నల్లబండ పరిచిన గది వెలుగునంతా మింగేస్తుంది. బేతంచెర్ల రాయి కాస్త నయం. రెండూ సున్నపురాయి జాతివే కాబట్టి నిమ్మరసం, బాత్రూం యాసిడ్ పడితే మచ్చ తెల్లగా తినేస్తుంది, ఆ మచ్చ తుడిస్తే పోదు. నల్లబండకు నిగనిగ కోసం కొబ్బరినూనె రాసే అలవాటున్న ఇళ్లలో చాప పరిచే ముందు నెలరోజులు నూనె ఆపండి. లేకపోతే చాప అడుగున జిడ్డూ దుమ్మూ కలిసి ముద్ద కడుతుంది.

బొచ్చు తివాచీ బదులు రెండు పొరలు వేయండి. అడుగున ఈతచాప, 4 అడుగులకు 6 అడుగులు. దాని మీద చిన్న జమకానా కాస్త ఓరగా. దివాన్ ముందుకాళ్లు చాప మీదికి రావాలి. చాప గది మధ్యలో ఒంటరిగా ఉంటే పెళ్లి విడిదిలో పరిచినట్టు ఉంటుంది. నున్నటి రాయి మీద చాప జారుతుంది, పెద్దవాళ్లున్న ఇంట్లో అది ప్రమాదం. అడుగున రబ్బరు జాలీ గుడ్డ వేయండి, చాప కన్నా చుట్టూ ఒక అంగుళం చిన్నదిగా కోసి. వారానికోసారి చాప ఎత్తి నిలబెట్టి, కింద తుడిచి, నేల పూర్తిగా ఆరాకే పరవాలి. తడి మీద పరిస్తే బూజు పడుతుంది, మట్టినేలైతే చెదలు అడుగునుంచే తినేస్తాయి, పైకి ఏమీ తెలియదు.

కళ్యాణదుర్గం వైపు కురుబలు నేసే గొర్రెబొచ్చు కంబళి ఇంట్లో ఉంటే దాన్ని నేల మీద కన్నా దివాన్ వీపు మీద వేయండి. గరుకు కాబట్టి దాని మీద వట్టి వీపుతో పడుకోలేరు గానీ ఆ నలుపు, బూడిద గీతల పక్కన ఏ రంగైనా వెలుగుతుంది.

కూర్చోవడానికి నులకమంచం కోళ్లు కోయించి ఎత్తు తగ్గించడం ఈమధ్య ఎక్కువైంది. నేల నుంచి 12 అంగుళాలు బాగుంటుంది. 9 అంగుళాలకు తెస్తే లేవడానికి మోకాళ్లు ఒప్పుకోవు. పరుపు 6 అడుగులకు రెండున్నర, 4 అంగుళాల మందం. 8 నుంచి 10 కిలోల పత్తి పడుతుంది. పాత పరుపులో దూది ఏకించి వాడుకుంటే సగం ఖర్చు మిగులుతుంది. బాలీసులకు మాత్రం బూరుగుదూదే వేయించండి, ఆ మెత్తదనం వేరు.

ఒక్క చీరలో ఎన్ని గలీబులు

పాత నూలు చీర కత్తిరించే ముందు ఒక లెక్క. 16 అంగుళాల చదరపు గలీబుకు ముందు ముక్క 17కు 17. వెనక రెండు ముక్కలు, ఒక్కొక్కటి 17కు పదకొండున్నర. వాటి అంచు ఒక్కో అంగుళం మడిచి కుడితే మధ్యలో 4 అంగుళాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, జిప్పు అవసరం లేదు. ఇప్పుడు చీర పన్నా 45 అంగుళాలు. రెండు వైపులా రెండేసి అంగుళాల అంచు తీస్తే 41. 17, పదకొండున్నర, పదకొండున్నర కలిపితే 40. అంటే చీరను 17 అంగుళాల పొడవున అడ్డంగా కోసిన ఒక్క పట్టీలోనే ఒక గలీబు మొత్తం వచ్చేస్తుంది. అయిదున్నర మీటర్ల చీరలో 12 పట్టీలు వస్తాయి. కూర్చున్న చోట, కుచ్చిళ్ల దగ్గర నలిగి పలచబడ్డ భాగం వదిలేస్తే 7, 8 ఖాయం. లోపలి దిండు 17 అంగుళాలది వేయండి. 16కు 16 వేస్తే నాలుగు రోజుల్లో మూలలు ఖాళీ పడి కుక్కచెవుల్లా వేలాడతాయి. తీసిన అంచులను పారేయొద్దు, కర్టెన్ కట్టుకోవడానికి అవే పట్టీలు.

కోసే ముందు రంగు పరీక్ష తప్పదు. తెల్లగుడ్డ తడిపి చీర మూల మీద గట్టిగా రుద్దండి. రంగు అంటితే ఆ చీర గోడకే, పరుపు మీదికి కాదు. ఇక్కడి చెమటకు, ఇంటికి వచ్చినవాళ్ల చొక్కా వీపు మీద ముద్ర పడుతుంది.

ధర్మవరం పట్టుచీర సంగతి వేరు. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉన్న పట్టు మడత గీత వెంబడే చిట్లుతుంది. అది కూర్చునే చోటికి పనికిరాదు. వెనక నూలు లైనింగు వేసి గోడకు తెరలా వేలాడదీయొచ్చు, అదీ ఎండ తగలని గోడకు. ఇంకో మాట, పాత చీరల్లో అసలు వెండి జరీ ఉంటే దాని విలువ వేరు. కత్తెర పెట్టే ముందు జరీ తెలిసినవాళ్లకు చూపించండి. అయినా అమ్మమ్మ పెళ్లిచీరను కోసి దిండ్లు చేయడం మాకు సమ్మతం కాదు. మడత మార్చి మళ్లీ బీరువాలో పెట్టండి.

బొంత గురించి కూడా ఇక్కడే. నాలుగైదు నూలు చీరల పొరలు, 4 అడుగులకు 6. అన్నీ ముందే ఉతికి ఆరేయాలి, లేకపోతే మొదటి ఉతుకులో ఒక పొర కుంచించుకుని బొంతంతా ముడతలు పడుతుంది. ప్రతి ఆరు అంగుళాలకు ఒక పెద్ద టాకా వేసి పొరలు కదలకుండా చేశాక, అంచు నుంచి చుట్టూ తిరుగుతూ మధ్యకు, వరసకూ వరసకూ అంగుళం దూరంలో కుట్టుకుంటూ రండి. మధ్యలో ఎక్కడా నైలాన్ చీర పొర వేయకండి. సూది దిగదు, వేసవిలో వేడి. అతుకుల రంగులు మరీ లెక్కగా జత చేయకండి. బొంత అందం ఆ పొంతన లేనితనంలోనే ఉంది.

అద్దం కుట్టు

తండాల్లో పెద్దవాళ్లు కుట్టిన పాత లంబాడీ గుడ్డ దొరికితే దాన్ని కోయొద్దు. పైన గుడ్డ గొట్టం కుట్టి కర్ర దూర్చి, ఉన్నదున్నట్టు గోడకు వేలాడదీయండి. మెషీన్‌లో వేస్తే అద్దాలు పగులుతాయి, గవ్వలు ఊడతాయి. నీడలో పరిచి మెత్తటి కుంచెతో దులపడమే.

కొత్తగా మీ గలీబు మీద నాలుగు అద్దాలు కుట్టుకోవచ్చు. ముప్పావు అంగుళం గుండ్రటి అద్దం తీసుకుని ముందు దాని అంచును గరుకు కాగితం మీద రుద్దండి. రుద్దని అంచు ఆర్నెల్లలో దారాన్ని కోసేస్తుంది. అద్దాన్ని ఎడమ బొటనవేలితో నొక్కిపట్టి, ఆరు పోగుల నూలు దారంతో నిలువుగా రెండు గీతలు, అడ్డంగా రెండు గీతలు వేయండి. అడ్డం దారం నిలువుదాన్ని దాటే చోటల్లా ఒక చుట్టు చుట్టి పోవాలి. ఈ నాలుగు గీతలూ అద్దం అంచు నుంచి లోపలికి మూడో వంతు దూరంలో ఉండాలి. అంచుకు దగ్గరగా వేస్తే లాగినప్పుడు జారి అద్దం ఊడిపడుతుంది. చాలామంది భయపడి అంచునే వేస్తారు, అద్దం బాగా కనపడాలని. భయం వద్దు, ఆ గీతలు తర్వాత పక్కకు తెరుచుకుంటాయి. ఇదే చట్రం ఐమూలగా ఇంకోసారి వేస్తే గట్టిగా ఉంటుంది. ఇప్పుడు సూదిని మధ్య చట్రం కిందికి దూర్చి, దారం ఉచ్చులోంచి పైకి తీసి బయటికి లాగండి. వెంటనే అద్దం పక్కన గుడ్డలో ఒక చిన్న కుట్టు, మళ్లీ ఉచ్చు. చట్రంలో ఒకటి, గుడ్డలో ఒకటి. ఇలా చుట్టూ తిరిగి వచ్చేసరికి చట్రం దారాలు అంచుల వైపు లాక్కుని మధ్యలో గుండ్రటి కన్ను తెరుచుకుంటుంది.

వీపు ఆనే చోట అద్దాలు కుట్టొద్దు. మూలల్లో చాలు.

ఉట్టి

మాక్రమే హ్యాంగర్ అని కొనేది మన ఉట్టే. ఒకప్పుడు పిల్లికి అందకుండా పాలకుండ పెట్టిన చోట ఇప్పుడు మనీప్లాంట్ పెడుతున్నాం, అంతే.

6 అంగుళాల మట్టికుండీకి 3 మిల్లీమీటర్ల నూలు తాడు, ఆరున్నర అడుగులవి నాలుగు. రెండు అంగుళాల ఇనుప కడియంలోంచి నాలుగూ దూర్చి సగానికి మడిస్తే ఎనిమిది పోగులు. కడియం కిందే అన్నిటినీ కలిపి ఒక ముడి. రెండేసి పోగులుగా నాలుగు జతలు చేసి, 18 అంగుళాలు కిందికి దిగి ఒక్కో జతకు ముడి వేయండి. ఇంకో 4 అంగుళాలు దిగి, పక్కపక్క జతల్లోంచి ఒక్కో పోగు తీసుకుని ముడి. ఇప్పుడు చిక్కం ఆకారం వస్తుంది. 3 అంగుళాలు దిగి ఎనిమిదీ కలిపి గట్టి ముడి, కింద కుచ్చు వదిలేయండి. ముడులు ఒకే ఎత్తులో లేకపోతే కుండీ ఒరుగుతుంది. కడియాన్ని తలుపు గొళ్లేనికి తగిలించి, టేపుతో కొలుచుకుంటూ వేయండి, కంటి లెక్క వద్దు. జనపనార తాడు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ నీళ్లు పడే చోట ముడి దగ్గర కుళ్లుతుంది. ఎండుపూలకు, బుట్టలకు వాడుకోండి.

తడిసిన కుండీ 3, 4 కిలోలు తూగుతుంది. కాంక్రీటు కప్పయితే డ్రిల్లు వేసి 6 మిల్లీమీటర్ల యాంకర్ కొక్కెం బిగించొచ్చు. బండల మిద్దెకు మాత్రం బండలో డ్రిల్లు పెట్టకండి. పొరల రాయి, అదురుకు చిట్లుతుంది, ఆ చీలికలోంచి వానాకాలం కారుతుంది. దూలానికి తాడు చుట్టి దానికి తగిలించండి.

మొక్కలు

ఇక్కడి పొడిగాలికి ఇంట్లో నిలిచేవి మనీప్లాంట్, స్నేక్ ప్లాంట్, జీజీ ప్లాంట్, కిటికీ దగ్గర కలబంద. ఫెర్న్, కలాతియా మీద డబ్బు తగలేయొద్దు.

ఆకుల కొసలు గోధుమరంగుకు మాడుతుంటే చాలామంది నీళ్లు చాలలేదనుకుని ఇంకా పోస్తారు. కారణం తరచుగా బోరు నీళ్లే. ఉప్పు ఎక్కువ, చాలా ఊళ్లలో ఫ్లోరైడ్ కూడా. స్పైడర్ ప్లాంట్, డ్రాసీనా ఫ్లోరైడ్‌కు ముందుగా లొంగుతాయి. మట్టికుండీ బయట తెల్లగా పూసే పొర ఆ ఉప్పే. సగం నీళ్లు సగం వెనిగర్ కలిపి రుద్దితే పోతుంది, అయితే ఆ పని నల్లబండ మీద కాకుండా పెరట్లో చేయండి. ఆర్వో మెషీను బయటికి వదిలే నీళ్లు మొక్కలకు పోయమని చెప్పేవాళ్లున్నారు. అది బోరు నీళ్ల కన్నా ఉప్పన. ఏసీ నుంచి కారే నీళ్లు, పట్టిపెట్టుకున్న వాన నీళ్లు మంచివి.

కిటికీ, గోడ మీది చాటలు

4 అడుగుల కిటికీకి ఒక నూలు చీర చాలు. సగానికి కోస్తే రెండు రెక్కలు, కలిపి ఏడున్నర అడుగుల వెడల్పు, ఎత్తుకు 7 అడుగులు పోను మడతకు కూడా మిగులుతుంది. కడ్డీని కిటికీ పైఅంచుకు 6 అంగుళాలు ఎత్తులో, రెండు వైపులా 6 అంగుళాలు బయటికి బిగించండి. పడమటి కిటికీకి వెనక తెల్ల లైనింగు లేకపోతే ఒక్క వేసవిలో మడతల వెంబడి చారలు వెలిసిపోతాయి.

చాటలు, ఈతబుట్టల మూతలు, చిన్న తట్టలు గోడకు పెట్టాలంటే ముందు నేల మీద పేర్చి ఫొటో తీసుకోండి. అయిదో ఏడో, వాటి మధ్య రెండు మూడు అంగుళాల సందు, గుంపు మధ్యభాగం నేల నుంచి 5 అడుగుల ఎత్తులో. పెద్దది సరిగ్గా నడిమధ్యలో కాకుండా కాస్త పక్కకు. కింద సన్నటి పిండిలాంటి పొడి రాలుతుంటే వెదురుకు పుచ్చు పట్టింది. ఆ బుట్టను వెంటనే వేరు చేసి రెండు మూడు రోజులు మంచి ఎండలో పెట్టి, వార్నిష్ వేశాకే మళ్లీ లోపలికి తీసుకురండి. పాత మిద్దెలో గోడగూళ్లు ఉంటే సిమెంటుతో పూడ్చకండి. లోపల ఒక్క గూటికి మాత్రం కావిరంగు వేసి ఇత్తడి చెంబో, మట్టి గుర్రమో పెట్టండి. మూడు వస్తువులు పెడితే అది అల్మారా అయిపోతుంది.

దుమ్ముకు విరుగుడు ఒకటే, వారానికోసారి పై నుంచి కిందికి దులపడం. ముందు గుమ్మటాలు, తర్వాత ఉట్లు, ఆ తర్వాత దిండ్లు, ఆఖరున చాప. తోలు గుమ్మటం మీద తడిగుడ్డ వద్దు, రంగు కదులుతుంది, పొడి కుంచె చాలు. కూలర్ గాలి నేరుగా తగిలే చోట తోలు, దూది రెండూ పెట్టకండి. మెత్తబడి వాసన పడతాయి. ముసురు పట్టిన రోజుల్లో గుమ్మటం వదులై వేలాడినట్టు కనిపిస్తే దీపం వెలిగించి ఉంచండి, ఆరి బిగుసుకుంటుంది. ఎలుకలకు అది ఎండుతోలే కాబట్టి, ఊరెళ్లేటప్పుడు కిందికి దించి, పాత నూలుగుడ్డలో చుట్టి, ఎండిన వేపాకు వేసి మూతున్న రేకుపెట్టెలో పెట్టి తాళం వేయండి.